కోకోపీట్‌లో టమాటా, మిరప: కింది ఆకులు పసుపు, కాయల అడుగు నలుపు. ఏం తక్కువైంది?

డాబాతోట పర్లాకిమిడి
ఆదివారం, ఉదయం 7:20

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా డాబా మీద మట్టి కుండీలన్నీ పగిలిపోయాయి, పిట్టగోడ ఒక పక్క పడిపోయింది. మళ్లీ కట్టించినప్పుడు మేస్త్రీ పైన బరువు పెట్టొద్దని గట్టిగా చెప్పాడు. అందుకే ఈ ఏడు మట్టి జోలికి పోకుండా 32 గ్రో బ్యాగుల్లో ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు) నింపి టమాటా, మిరప, వంగ వేశాను. పొట్టు ఉద్దానం వైపు ఒక పీచు మిల్లు నుంచి బస్తాల్లో తెప్పించాం. కొట్టులో అమ్మే కోకోపీట్ ఇటుకల (నొక్కి గట్టిపరిచిన పొట్టు దిమ్మెల) కంటే చవగ్గా వచ్చింది.

మొదటి నెల బాగానే ఉన్నాయి. ఇప్పుడు టమాటా కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు వస్తోంది. కొత్త ఆకులు నలిగినట్టు వస్తున్నాయి, కొసలు ఎండుతున్నాయి. నిన్న కోసిన తొమ్మిది కాయల్లో ఆరింటికి అడుగున నల్లటి మచ్చ, తోలులా గట్టిగా ఉంది. మిరపలో ఆకు ముడుచుకుపోతోంది.

19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) వారానికి ఒకసారి లీటరుకు 3 గ్రాములు వేస్తున్నాను. పసుపు మొదలయ్యాక బలం చాల్లేదేమోనని 5 గ్రాములు చేశాను. ఇంకా ఎక్కువైంది. ఏం వేయాలో చెప్పండి. ఈ మొక్కల గురించి రాత్రి నిద్ర కూడా పట్టడం లేదు.

గుణుపురం మాస్టారు
ఆదివారం, ఉదయం 8:05

అమ్మా, కాయ అడుగు నల్లబడిందంటే కాల్షియం తక్కువ. కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టి, పొడి చేసి బ్యాగుకి రెండు చెంచాలు వేయండి. అరటి తొక్కలు నానబెట్టిన నీళ్లు, కాస్త కట్టెల బూడిద కూడా మంచిది. మా పెరట్లో ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆ రసాయనం మాత్రం ముందు ఆపండి.

బరంపురం మొక్కలు
ఆదివారం, ఉదయం 9:40

అక్కా, నాకూ అచ్చం ఇలాగే అయింది. అప్పుడు కొట్టులో కాల్షియం బోరాన్ స్ప్రే ఇచ్చారు. రెండుసార్లు కొట్టాను, కాయల్లో తేడా ఏమీ రాలేదు. మీరు ఏ నీళ్లు పోస్తున్నారు? బోరు నీళ్లా, కుళాయివా?

డాబాతోట పర్లాకిమిడి
ఆదివారం, ఉదయం 10:15

ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు పోస్తున్నాను. రోజుకి నలభై లీటర్ల దాకా వృథాగా పోతుంటే బాధనిపించి డ్రమ్ములో పడుతున్నాను. చాలకపోతే కుళాయి నీళ్లు.

రాయగడ పాలీహౌస్
ఆదివారం, రాత్రి 9:30

నమస్తే అమ్మా. నేను పాలీహౌస్‌లో కీర, క్యాప్సికం కోకోపీట్‌లోనే పెంచుతాను. మొదటి పంట మీలాగే పోగొట్టుకున్నాను, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. రేపు ఏమీ వేయకండి. ఎరువూ వద్దు, పెంకులూ వద్దు, స్ప్రే కూడా వద్దు. ముందు కొలవాలి.

మట్టిలో నేర్చుకున్న లెక్క కోకోపీట్‌లో సరిపోదు. కొబ్బరి పొట్టులో పుట్టుకతోనే పొటాషియం, సోడియం చాలా ఉంటాయి. పీచుని ఉప్పునీటిలో నానబెట్టి తీసిన చోట ఇంకా ఎక్కువ. ఈ రెండూ పొట్టు రేణువులని అంటుకుని కూర్చుంటాయి. మనం కాల్షియం, మెగ్నీషియం ఇచ్చామనుకోండి, పొట్టు వాటిని తను పట్టేసుకుని పొటాషియాన్నీ సోడియాన్నీ నీళ్లలోకి వదులుతుంది. అంటే మనం వేసింది మొక్కకి అందదు, అక్కర్లేనిది అందుతుంది. దానికి తోడు పొటాషియం ఎక్కువైతే వేరు కాల్షియం, మెగ్నీషియం తీసుకోవడం ఇంకా తగ్గిపోతుంది.

ఇప్పుడు మీ మొక్క చూపించే గుర్తులు చూడండి. మెగ్నీషియం మొక్క లోపల కదిలే పోషకం. తక్కువైనప్పుడు మొక్క పాత ఆకుల్లోంచి లాగి కొత్త ఆకులకి పంపుతుంది, అందుకే కింది ఆకుల్లో ఈనెల మధ్య పసుపు. కాల్షియం ఒకసారి ఒక ఆకులో చేరాక అక్కడి నుంచి కదలదు. అందుకే దాని లోపం లేత ఆకుల్లో, కాయ అడుగున కనిపిస్తుంది. మీకు రెండూ ఒకేసారి వచ్చాయి. కడగని పొట్టులో ఇది చాలా మామూలు విషయం.

19:19:19లో కాల్షియం లేదు, మెగ్నీషియం లేదు. అందులో ఉన్న 19 శాతం నత్రజనిలో 10.5 శాతం యూరియా రూపంలో, 4.5 శాతం అమ్మోనియం రూపంలో, 4 శాతం మాత్రమే నైట్రేట్ రూపంలో ఉంటుంది. యూరియా కూడా ముందు అమ్మోనియంగానే మారుతుంది. అమ్మోనియం ఎక్కువైతే కాల్షియానికి దారి ఇవ్వదు. మీరు మోతాదు పెంచిన కొద్దీ మచ్చలు పెరగడానికి కారణం అదే అయి ఉంటుంది. ఆర్వో వదిలే నీళ్లు దానికి తోడు. కుళాయి నీటిలోని ఉప్పంతా చిక్కబడేది అందులోనే.

బరంపురం చెల్లెమ్మా, స్ప్రే పనిచేయకపోవడానికీ కారణం ఇదే. ఆకు మీద పడిన కాల్షియం కాయలోకి నడిచి వెళ్లదు. వేరు తాగిన నీటితోపాటే పైకి ఎక్కాలి.

టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) ఉందా అమ్మా? ఆర్వో పెట్టినవాళ్ల దగ్గర సాధారణంగా ఉంటుంది.

డాబాతోట పర్లాకిమిడి
సోమవారం, ఉదయం 6:50

ఉంది అన్నగారూ. ఎలా కొలవాలి?

రాయగడ పాలీహౌస్
సోమవారం, ఉదయం 7:10

మొక్కకి మామూలుగా నీళ్లు పోసి అరగంట ఆగండి. బ్యాగు కింద పళ్లెం పెట్టి, పైనుంచి ఇంకో గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోయండి. పళ్లెంలోకి దిగిన నీటిని కొలవండి. వేరు దగ్గర ఏముందో అదే చెబుతుంది. పోసే నీళ్లు కూడా కొలవండి. ఐదారు బ్యాగులు చాలు, అన్నీ అక్కర్లేదు.

డాబాతోట పర్లాకిమిడి
సోమవారం, సాయంత్రం 5:30

కుళాయి నీళ్లు 310. ఆర్వో వదిలే నీళ్లు 790. బ్యాగు కింద నీళ్లు: టమాటా 2140, 1980, 2260. వంగ 1850. మిరప 2020.

చూడగానే భయం వేసింది. ఇన్నాళ్లూ ఉప్పు పోస్తున్నానా వాటికి?

రాయగడ పాలీహౌస్
సోమవారం, రాత్రి 8:45

బాధపడకండి, మొక్కలు బతికే ఉన్నాయి కదా. ఇంటి మీటర్లు ఎక్కువగా ఈసీని (నీటి విద్యుత్ వాహకత, ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) 500తో గుణించి చూపిస్తాయి. 2140 అంటే ఈసీ దాదాపు 4.3. కాయ దశలో టమాటాకి ఇచ్చే ద్రావణం 2 నుంచి 2.5 ఉంటే చాలు, నారుకి 1 లోపు. మీ వేర్లు దానికి రెట్టింపు ఉప్పులో ఉన్నాయి. అంత ఉప్పులో వేరు నీళ్లు లాగలేదు. నీళ్లు ఎక్కకపోతే కాల్షియమూ ఎక్కదు.

అయితే మీటరుకి ఒక పరిమితి ఉంది. ఎంత ఉప్పుందో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. అందుకే అంకె, ఆకు రెండూ కలిపి చూడాలి.

రేపటి నుంచి ఆర్వో వదిలే నీళ్లు మొక్కలకి మానేయండి, గచ్చు కడుక్కోవడానికి వాడుకోండి. తర్వాత బ్యాగులు కడగాలి. ఉత్త నీళ్లతో కడిగితే తేలికగా కరిగే ఉప్పు పోతుందిగానీ, పొట్టుని అంటుకున్న పొటాషియం, సోడియం అంతగా కదలవు. కాల్షియం వచ్చి వాటిని పక్కకి తోస్తేనే కదులుతాయి. కాబట్టి 10 లీటర్ల కుళాయి నీళ్లకి 10 గ్రాముల కాల్షియం నైట్రేట్ వేసి, 15 లీటర్ల బ్యాగుకి సుమారు 20 లీటర్లు, మగ్గుతో నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ పోయండి. కింద దిగిన నీళ్లు డాబా మీద నిలవకుండా చూసుకోండి.

మర్నాడు నుంచి ఒక రోజు కాల్షియం నైట్రేట్ లీటరుకి 1 గ్రాము. ఇంకో రోజు 19:19:19 అర గ్రాము, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) అర గ్రాము, కొట్టులో దొరికే సూక్ష్మపోషకాల మిశ్రమం పొట్లం మీద రాసిన మోతాదులో. కాల్షియం నైట్రేట్‌ని మాత్రం ఎప్సమ్ సాల్ట్‌తో గానీ భాస్వరం ఉన్న ఎరువుతో గానీ చిక్కటి ద్రావణంగా కలపకండి. తెల్లగా విరిగి అడుగున సున్నంలా పేరుకుంటుంది, అది మొక్కకి పనికిరాదు.

పోసిన ప్రతిసారీ పది, ఇరవై శాతం నీళ్లు కిందికి దిగాలి. కోకోపీట్ పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుందని చాలామంది కొంచెం కొంచెం పోస్తారు. దానితో ఉప్పు అడుగున పేరుకుంటుంది.

గుణుపురం మాస్టారు
మంగళవారం, ఉదయం 6:30

బాబూ, మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. కానీ గుడ్డు పెంకులో ఉన్నదీ కాల్షియమే కదా. ఆవిడ చేత మళ్లీ రసాయనాలే కొనిపించడం నాకు ఇష్టం లేదు. మా పెరట్లో పనిచేసింది అక్కడ ఎందుకు పనిచేయదు?

రాయగడ పాలీహౌస్
మంగళవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, మీ పెరట్లో మట్టి ఉంది. మట్టిలో కోట్ల సూక్ష్మజీవులు, వేర్లు వదిలే ఆమ్లాలు, వానపాములు ఉంటాయి. నెలల తరబడి పెంకుని కరిగించేది అవే. అక్కడ మీ పద్ధతి సరైనదే. కొత్త కోకోపీట్‌లో ఆ పని చేసేవి చాలా తక్కువ. పెంకు కాల్షియం కార్బొనేట్, నీళ్లలో కరగడం దాదాపు ఉండదు. ఈ టమాటాలు మూడు నెలల పంట, అంత ఆగలేవు. అరటి తొక్క, బూడిద ఇచ్చేది ముఖ్యంగా పొటాషియం. ఆవిడకి ఇప్పుడు అదే ఎక్కువైంది. బూడిద పీహెచ్‌ని (ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా పెంచుతుంది.

మీకు నమ్మకం కలగాలంటే ఒక గ్లాసు నీళ్లలో చెంచా పెంకుల పొడి వేసి రాత్రంతా ఉంచి కొలవండి.

కాశీనగరం రైతు
మంగళవారం, సాయంత్రం 6:10

మిరప సంగతి ఎవరూ అడగలేదు. అమ్మా, ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? ఆకులు కిందికి వంగి పడవ తిరగేసినట్టు ఉంటే నల్లి. అంచులు పైకి లేచి దొన్నెలా ఉంటే తామర పురుగులు. ఆకులు చిన్నవైపోయి, గుత్తులుగా వచ్చి, మొక్క ఎదగకుండా ఉంటే తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఈ మూడింటిలో ఏదైనా ఎరువుతో తగ్గదు. మా ఊళ్లో ఏటా ఎంతోమంది ముడతకి ఎరువు వేసి డబ్బు పోగొట్టుకుంటారు.

లేత కొమ్మని తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి పురుగులు పరిగెడితే తామర పురుగులే. నల్లి కంటికి ఆనదు, భూతద్దం కావాలి. ఆకు అడుగున చూడాలి.

డాబాతోట పర్లాకిమిడి
బుధవారం, ఉదయం 8:00

మా అబ్బాయి భూతద్దంతో చూశాడు. మిరపలో ఆరు మొక్కలకి ఆకు కిందికే వంగి ఉంది, అడుగున సన్నటి తెల్లని చుక్కల్లాంటివి కదులుతున్నాయి. ఇంకో నాలుగు మొక్కలు మీరు చెప్పినట్టు ఆకులు చిన్నవై, గుత్తుగా, జానెడు ఎత్తులోనే ఆగిపోయాయి. నేను అన్నింటికీ ఒకే జబ్బు అనుకున్నాను.

కాల్షియం నైట్రేట్ కోసం నిన్న ఆంధ్ర వైపు పాతపట్నం వెళ్లి వచ్చాను. ఇక్కడా దొరుకుతుందేమోగానీ, పొట్లం మీద రాసింది చదువుకోవాలి కదా. ఒడియా మాట్లాడతాను, చదవడం నెమ్మది. మోతాదు విషయంలో పొరపాటు పడకూడదని భయం.

కాశీనగరం రైతు
బుధవారం, ఉదయం 8:40

ఆ నాలుగూ ఈరోజే పీకి సంచిలో కట్టి బయట పడేయండి. మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఉంచితే తెల్లదోమ ఊరికే ఉండదు, ఆ వైరస్‌ని మిగతావాటికీ, టమాటాకీ అంటిస్తుంది. నల్లి ఉన్నవాటికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

రాయగడ పాలీహౌస్
బుధవారం, రాత్రి 9:00

కాశీనగరం అన్న చెప్పింది నేను మిస్సయ్యాను. ముడత అనగానే కాల్షియమే అనుకున్నాను. ధన్యవాదాలు అన్నా.

అమ్మా, కాల్షియం నైట్రేట్ గాలిలో తేమ పీల్చుకుని రెండు రోజుల్లో నీరైపోతుంది. పొట్లం విప్పగానే మూత గట్టిగా పట్టే సీసాలో పోసుకోండి. ఒక్కరోజే 32 బ్యాగులు కడగకండి, నడుం పోతుంది. రోజుకి ఎనిమిది చాలు, టమాటాతో మొదలుపెట్టండి. మచ్చ పడ్డ కాయలు కోసేయండి, అవి ఇక బాగుపడవు.

గుణుపురం మాస్టారు
గురువారం, ఉదయం 7:15

పరీక్ష చేశాను. మా బావి నీళ్లు 240. పెంకుల పొడి వేసి పన్నెండు గంటలు ఉంచాక 256. ఇంకో గ్లాసులో చెంచా కాల్షియం నైట్రేట్ వేసి చూశాను, మీటరు చూపగలిగిన హద్దు దాటిపోయింది. నా మాట కోకోపీట్‌కి వర్తించదని ఒప్పుకుంటున్నాను. మనవరాలు కూడా పక్కనే కూర్చుని చూసింది.

కానీ ఒకటి అడుగుతాను. పెంకుల్ని వెనిగర్‌లో వేస్తే బుసబుసా పొంగి కరుగుతాయి కదా. అది పోయవచ్చా?

రాయగడ పాలీహౌస్
గురువారం, మధ్యాహ్నం 2:00

పోయవచ్చు మాస్టారూ, అందులో ఉన్నది నీళ్లలో కరిగిన కాల్షియమే. పొంగడం పూర్తిగా ఆగాక, బాగా పలచన చేసి వాడాలి. ఎంత కాల్షియం వచ్చిందో ఇంట్లో లెక్క తేలదు, అదొక్కటే ఇబ్బంది. కాల్షియం నైట్రేట్‌లో కాల్షియం 18.8 శాతం అని ఖాయంగా తెలుసు. లీటరుకి గ్రాము వేస్తే 188 మిల్లీగ్రాములు అందుతుంది. జబ్బు పడిన మొక్కకి ఆ ఖాయం కావాలి. మీరు అంత ఓపికగా పరీక్ష చేసి అంకెలు పెట్టినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

కోరాపుట్ నర్సరీ
శుక్రవారం, ఉదయం 10:30

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా దగ్గర టమాటా నారు కోకోపీట్ ట్రేల్లో ఉంది. ఆకు అడుగు ఊదా రంగుకి తిరిగింది. భాస్వరం లోపం అంటున్నారు. ఎరువు ఇస్తూనే ఉన్నాం.

రాయగడ పాలీహౌస్
శుక్రవారం, రాత్రి 8:15

మీది కొండ మీద ఊరు, ఈ నెలలో రాత్రి చలి తెలిసిందే. వేరు చల్లబడితే భాస్వరం ఉన్నా తీసుకోలేదు. ఎరువు పెంచకండి. తెల్లవారుజామున చన్నీళ్లు పోయడం మాని పొద్దెక్కాక పోయండి, ట్రేలు నేల మీద నుంచి బల్ల మీదికి ఎత్తండి, రాత్రి షీటు కప్పండి. కొత్త ఆకులు మామూలు రంగులో వస్తే చలే కారణం.

బరంపురం మొక్కలు
శనివారం, ఉదయం 11:00

అన్నా, నాది వేరేలా ఉంది. కడిగిన ఇటుకలే వాడాను. కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. పైన లేత ఆకులు మాత్రం ఈనెలు తప్ప అంతా పసుపు, కొన్ని తెల్లగా కూడా ఉన్నాయి. బోరు నీళ్లు, పీహెచ్ కాగితంతో చూస్తే 8 దగ్గర ఉంది. గిన్నెల్లో తెల్లటి పొర కడుతుంది.

రాయగడ పాలీహౌస్
శనివారం, రాత్రి 9:10

అది ఇనుము లోపం చెల్లెమ్మా. పసుపు ఎక్కడ మొదలైందనేదే చూడాలి. కింద మొదలైతే మెగ్నీషియం, పైన మొదలైతే ఇనుము. మీ నీళ్లలో సున్నం గుణం ఎక్కువ. పీహెచ్ పెరిగితే ఇనుము ఉన్నా మొక్కకి అందని రూపంలోకి మారిపోతుంది. కోకోపీట్‌లో 5.5 నుంచి 6.3 మధ్య ఉండాలి.

వెంటనే ఉపశమనానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి ఆకుల మీద సాయంత్రం కొట్టండి, వారం ఆగి మళ్లీ ఒకసారి. అసలు పని మాత్రం నీళ్ల దగ్గరే. ఎరువు కలిపాక నిమ్మ ఉప్పు చిటికెడు చిటికెడుగా వేస్తూ పీహెచ్ 6 దగ్గరికి తెచ్చి పోయండి. వాన నీళ్లు పట్టుకునే వీలుంటే అంతకంటే మంచిది లేదు. చీలేటెడ్ ఇనుము (మొక్కకి అందేలా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఇనుము) కొంటే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే సరిగా నిలవదు. మీ నీళ్లకి ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నది అడగండి.

డాబాతోట పర్లాకిమిడి
మళ్లీ బుధవారం, ఉదయం 7:00

బ్యాగులన్నీ కడగడం అయింది. నాలుగు రోజులు పట్టింది. మా అబ్బాయీ, పక్కింటి అమ్మాయీ బకెట్లు మోశారు. కింద దిగిన నీళ్లు మొదట టీ డికాషన్ రంగులో వచ్చాయి. టమాటా బ్యాగులు ఇప్పుడు 1180, 1090, 1240. వైరస్ మిరప నాలుగూ పీకేశాను. గంధకం ఒకసారి కొట్టాను.

ఆకుల్లో ఇంకా మార్పు లేదు. టెన్షన్‌గా ఉంది. మోతాదు పెంచనా?

రాయగడ పాలీహౌస్
బుధవారం, ఉదయం 7:25

వద్దమ్మా. దెబ్బతిన్న పాత ఆకుల వైపు చూడకండి. నలిగిన ఆకు మళ్లీ సాఫు అవదు, పసుపు ఆకు కొంచెం పచ్చబడితే బడుతుంది. ఒక టమాటా కొమ్మ కొసకి దారం కట్టండి. దారం పైన వచ్చే ఆకులనే లెక్కలోకి తీసుకోండి. పది, పన్నెండు రోజులు పడుతుంది.

డాబాతోట పర్లాకిమిడి
పన్నెండు రోజుల తర్వాత, సోమవారం, ఉదయం 6:40

దారం పైన నాలుగు ఆకులు వచ్చాయి. నాలుగూ సాఫుగా, ముదురు పచ్చగా ఉన్నాయి. కొసలు ఎండలేదు. పాత ఆకులు అలాగే ఉన్నాయి, మీరు ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. నిన్న పద్నాలుగు టమాటాలు కోశాను, రెండింటికే చిన్న మచ్చ. టమాటా బ్యాగుల కింద నీళ్లు 760, 820, 790. నల్లి పట్టిన ఆరు మిరప మొక్కల్లో ఐదు మొక్కలు కొత్త చిగుళ్లు వేశాయి. ఒకటి పోయింది.

మాస్టారికి, కాశీనగరం అన్నగారికి, రాయగడ అన్నగారికి చేతులెత్తి నమస్కారం.

బెండ వేద్దామని కొన్న పొట్టు ఇంకా నాలుగు బస్తాలు ఉంది. దాన్ని ముందే ఎలా బాగుచేసుకోవాలి?

రాయగడ పాలీహౌస్
సోమవారం, రాత్రి 9:20

చదివి చాలా ఆనందం వేసింది అమ్మా.

ముందు మామూలు నీళ్లలో నానబెట్టి వంచండి. దిగిన నీళ్ల అంకె మీ కుళాయి నీళ్ల కంటే 200కి మించి ఎక్కువ లేకుండా ఉండేదాకా, రెండు మూడుసార్లు. అప్పుడు కాల్షియం నైట్రేట్. ఇటుక లెక్కలో అయితే 5 కిలోల ఇటుక నీళ్లు తాగి 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, దానికి నేను 40 లీటర్ల నీళ్లలో 100 గ్రాములు వేస్తాను. మీది విడి పొట్టు కాబట్టి 70 లీటర్ల పొట్టుకి అదే కొలత. ఒక రోజంతా నాననిచ్చి, వంచి, మంచి నీళ్లతో ఒకసారి కడగండి. మిల్లు పొట్టు కాబట్టి ఇదంతా రెండుసార్లు చేయండి.

డాబాతోట పర్లాకిమిడి
మంగళవారం, సాయంత్రం 6:00

మొదటి బస్తా మూడుసార్లు కడిగాను. 1640, 720, 430. ఇప్పుడు డ్రమ్ములో కాల్షియం నీళ్లలో నానుతోంది. రేపు సాయంత్రం వంచి అంకె పెడతాను.

గుణుపురం మాస్టారు
మంగళవారం, సాయంత్రం 7:30

తప్పకుండా పెట్టండమ్మా. నేనూ రెండు ఇటుకలు కొన్నాను, మీ అంకె చూశాకే మొదలుపెడతాను.